రంగం సామి

నేను ఒక కాగితాన్ని. నా మీద ఉన్న ముఖం నాది కాదు. మూడున్నర శతాబ్దాల కిందట ఐరోపాలో బతికిన ఒక కథోలిక బిషప్ గారిది. ఇప్పుడు నేను ఒక మేత్రాసన భవనంలో, అంటే ఇక్కడి బిషప్ గారి కార్యాలయంలో, అద్దాల బీరువాలో ఉన్నాను. నా కింద చిన్న చీటీ అంటించారు. రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన చిత్రమనీ, బరోక్ శైలి అనీ, పదిహేడవ శతాబ్దానిదనీ అందులో ఉంది. వచ్చినవాళ్ళు ముందు ఆ చీటీ చదువుతారు, తరవాత నా వైపు ఒకసారి చూసి, చీటీలో ఉన్నట్టే ఉన్నానని తృప్తిపడి ముందుకు వెళ్తారు. మనుషులకు నా మీదకంటే నా గురించి రాసినదాని మీద నమ్మకం ఎక్కువ.

చీటీలో తప్పేమీ లేదు. కానీ భీమిలికి దిగువన తాడిపేట అనే పల్లె ఉందనీ, అక్కడి ఆడవాళ్ళు నన్ను రంగం సామి అనేవాళ్ళనీ అందులో లేదు. అది నేనే చెప్పాలి.

నాకు తల్లి ఒక రాగిరేకు. ఒళ్ళు మాత్రం చిరుగుబట్టలు. పేదవాళ్ళు తొడిగి తొడిగి వదిలేసిన నార చొక్కాలు, దుప్పట్లు నానబెట్టి, దంచి, ముద్దచేసి, పలచగా పరిచి ఆరబెడితే నేనయ్యాను. ఆ చొక్కాలు తొడుక్కున్నవాళ్ళు బిషప్ గారి ఎదుట తలెత్తి నిలబడి ఉండరు. చివరికి ఆయన ముఖం నిలిచింది ఆ గుడ్డల మీదే.

రాగిరేకు చెక్కినవాడి పేరు మెర్మే. ఆల్ప్స్ కొండల దిగువన, ఒక పెద్ద సరస్సు ఒడ్డున అతని పనిశాల. సన్నని ఉక్కు మొనతో రాగిలో గీతలు తవ్వేవాడు. ఒక్క గడ్డానికే వారాలు పట్టింది. ఆ కాలపు వాడుక ప్రకారం ముఖం చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో చట్రం, మూలల్లో బుగ్గలు పూరించిన దేవదూతలు, పూలదండలు, మడతలు మడతలుగా జారే తెరలు చెక్కాడు. దైవసేవకుడి బొమ్మకు ఇంత ఆర్భాటం ఎందుకని అడిగితే, ఆ రోజుల్లో ఎవరికీ ప్రశ్నే అర్థమయ్యేది కాదు.

బిషప్ గాస్పార్ గారు ఒకనాడు పనిశాలకు వచ్చారు. పొడుగ్గా, సన్నగా, కాస్త వంగిన మనిషి. ఆయన ఒక నగరానికి బిషప్. కానీ ఆ నగరం చాలా కాలం కిందటే వేరే మతశాఖవాళ్ళ చేతుల్లోకి పోయింది. కథోలిక బిషప్‌ను కోట లోపలికి రానిచ్చేవారు కాదు. ఆయనకు ముందున్నాయన కూడా సరస్సుకు ఈవలి ఒడ్డునే ఉండి, ఆ నగరం పేరు మోసి, ఇక్కడే కన్నుమూశాడు.

ఆయన సగం చెక్కిన రాగిరేకును వెలుతురుకు పట్టి చూశారు.

"తెరలు బాగున్నాయి. ఈ కుడివైపుది మాత్రం తీసెయ్యి. అక్కడ కిటికీ పెట్టు. దాంట్లోంచి నా నగరం కనబడాలి."

"నేనా నగరం చూడలేదు ప్రభూ. ఎలా ఉంటుందో తమరు సెలవిస్తే చెక్కుతాను."

బిషప్ గారు రేకును బల్లమీద పెట్టారు. "నేనూ చూడలేదు" అన్నారు.

అందుకని మెర్మే తన మనసుకు తోచిన నగరం ఒకటి చెక్కాడు. ముందు నీళ్ళు, నీళ్ళమీద తెరచాపలెత్తిన పడవలు, అవతలి ఒడ్డున గోడ, గోడ వెనక గోపురాలు. ఇద్దరూ చూడని ఊరు నా కుడిభుజం పక్కన అలా వెలిసింది. అచ్చువేసిన ప్రతులన్నీ చుట్టుపక్కల గుళ్ళకు పంచారు. మరుసటి చలికాలంలో బిషప్ గారు పోయారు. సరస్సు దాటలేదు.

తరవాత రెండు వందల ఏళ్ళకు పైగా నేను ఒక కొండ ఊరి గుడిలో, సామాన్ల గదిలో వేలాడాను. నా ఈడు కాగితాలు కొన్ని ఎలుకల పాలయ్యాయి, కొన్ని చలిమంటల పాలయ్యాయి. ఆ ఊరి నుంచి ఎతియన్ అనే యువకుడు ఫాదరై, ఇండియాకు బయలుదేరుతూ, సొంత ఊరి గుర్తుగా నన్ను అడిగి తీసుకున్నాడు. ఆయన పెట్టెలో ఉన్ని మేజోళ్ళకూ ప్రార్థన పుస్తకాలకూ మధ్య పడుకుని సముద్రం దాటాను. ఆ మేజోళ్ళు ఆయన మళ్ళీ తొడుక్కోలేదు. తాడిపేటలో చలి అనేదే లేదు.

ఎతియన్ ఫాదర్ గారు నాకు అద్దం కట్టించి గుడిలో పక్కగోడకు తగిలించారు. ఆయన తెలుగు నేర్చుకున్నారు కానీ, ఆ తెలుగులో క్రియ ఎప్పుడూ వాక్యం మధ్యలోనే ఇరుక్కుపోయేది. "ఈయన ఉన్నాడు మా కొండల బిషప్. కాదు పునీతుడు. ఉన్నాడు మంచివాడు, అంతే" అని, మొక్కదగ్గ సెయింటు కాదన్న అర్థంలో, ఊళ్ళోవాళ్ళకు చెప్పారు. వాళ్ళు శ్రద్ధగా తలలూపి, ఆయన అటు తిరగగానే కొవ్వొత్తి వెలిగించారు.

దానికి కారణం నా కిటికీ. ఆ రోజుల్లో ఆ తీరంలో మగవాళ్ళు ఓడెక్కి రంగూన్ పోయేవారు. రంగూన్‌ని వాళ్ళు రంగం అంటారు. అక్కడ బియ్యం మిల్లుల్లోనో రేవులోనో పనిచేసి, ఏళ్ళ తరబడి ఉండి వచ్చేవారు. కొందరు వచ్చేవారు కాదు. మొగుణ్ణి పంపిన ఒక ఆడమనిషి ఓ ఆదివారం నా అద్దం దగ్గరికి మొహం పెట్టి చూసి, "నీళ్ళకవతల పెద్ద ఊరు. ఓడలు కూడా ఉన్నాయి. ఇది రంగమే" అంది. ఆ మాట పూజ అయ్యేలోపే గుడంతా పాకింది. జీవితమంతా తన ఊరు తాను చేరలేకపోయిన మనిషిని, ఊరు విడిచిన మగవాళ్ళను ఇల్లు చేర్చమని అడగడం మొదలుపెట్టారు.

ఫిలోమినమ్మ ఆ ఊరికి కొత్త కోడలిగా వచ్చింది. తాటాకు చాపలు అల్లే మనిషి. పెళ్ళైన ఏడాదికి భర్త అంతోని రంగం వెళ్ళాడు. ఒకసారి వచ్చి, నల్లటి లక్కపెట్టె ఒకటి ఇచ్చి, వర్షాలకు ముందే మళ్ళీ వెళ్ళిపోయాడు. పిల్లలు లేరు. అందరిలా ఆమె నా ముందు మోకాళ్ళూనేది కాదు. నిలబడే, పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేది.

"ఈ యేడైనా అంపించు. మరీ ఆలిశ్యం సేత్తన్నావు."

ఎతియన్ ఫాదర్ గారు ముసలితనంతో ఆ ఊళ్ళోనే పోయారు. ఆయన తరవాత బాలశౌరి ఫాదర్ గారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, చిన్నవయసు, లాటిను బాగా చదువుకున్నాడు. నా అడుగున ఉన్న లాటిను అక్షరాలు మొదటిరోజే చదివి నేనెవరో తెలుసుకున్నాడు కానీ ఊరుకున్నాడు. ఇంతలో జపానువాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారన్న కబురు వచ్చింది. ఆ ఆదివారం నా ముందు కొవ్వొత్తులు పెట్టడానికి చోటు లేకపోయింది. పూజాపీఠం వైపు ఎవరూ చూడటం లేదు. ఆడవాళ్ళంతా పక్కగోడకు తిరిగి ఏడుస్తున్నారు. అదంతా బాలశౌరి గారి కంట పడింది. మరునాడు నన్ను గోడ మీంచి దింపించాడు.

ఫిలోమినమ్మ వచ్చి ఖాళీ గోడ చూసింది. తిన్నగా ఆయన గదికి వెళ్ళింది. నేను బల్లమీద ఉన్నాను.

"అమ్మా, ఈయన పునీతుడు కాదు. ఈయనకు ప్రార్థించమని మన కథోలిక శ్రీసభ ఎక్కడా చెప్పలేదు. ఇది రంగూన్ కూడా కాదు" అన్నాడు. కోపంగా కాదు. నచ్చజెప్పాలనే అన్నాడు.

"తెలుసును బాబూ. ముసలి ఫాదరు బాబు సెప్పీవోడు."

"తెలిసే మొక్కుతున్నావా?"

"పునీతులైతే లోకంలో అందరి గోడూ ఇనాల బాబూ. తీరికుండదు. ఈయన్ని అడిగీవోళ్ళు మాం తప్ప ఎవులున్నారు?"

ఆయన నన్ను ఆమె చేతిలో పెట్టి, "గుడిలో వద్దు. ఇంట్లో ఉంచుకో" అన్నాడు. అలా నేను మట్టిగోడల ఇంటికి వచ్చాను. ఆ ఎండాకాలం విశాఖపట్నం మీద కూడా బాంబులు పడి, తీరమంతా బెదిరి, చాలామంది లోపలి ఊళ్ళకు పోయారు. ఫిలోమినమ్మ కదల్లేదు. అంతోని వచ్చేసరికి తలుపు మూసి ఉంటే ఎలా అంది.

రంగం నుంచి జనం నడిచి వస్తున్నారని అప్పుడే తెలిసింది. ఓడలు లేక, అడవులూ కొండలూ దాటి, అస్సాం మీదుగా కాలినడకన. ఒక్కొక్కరే ఊరు చేరుతున్నారు. వీధిలో ఎవరిదో ఒకరి ఇంట్లోంచి ఏడుపు వినబడేది, అది సంతోషమో దుఃఖమో కాసేపటి వరకూ తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం ఎర్రయ్య వచ్చాడు. అంతోనితో కలిసి ఓడెక్కిన ఆ వీధివాడే. ఒంట్లో బొమికలే మిగిలాయి. అతని వెనక గుమ్మం బయట ఒక ఆడమనిషి నిలబడింది. నడినెత్తిన ముడి, కాళ్ళకు గుడ్డపేలికలు, ఏడో నెలో ఎనిమిదో నెలో కడుపు.

"అప్పా, మావోడు కొండల్లో పోనాడు. జరం. దారి పక్కనే కప్పెట్టినాం" అన్నాడు ఎర్రయ్య, ఆమెను అక్క వరస పెట్టి. తరవాత గుమ్మం వైపు చూపించాడు. "ఈవిడి పేరు మాకిన్ను. అక్కడ ఆడి మనిషి. నీ ఇంటికి సేర్చమని నాకు ఒప్పసెప్పినాడు."

ఫిలోమినమ్మ అల్లుతున్న చాప మీంచి చెయ్యి తియ్యలేదు. "ఎప్పట్నుంచీ?"

"రెండోసారి ఎల్లిన కాడ్నుంచీ."

ఆ బర్మా పిల్ల తల వంచుకుని నిలబడే ఉంది. నీడలోకి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె రాలేదు. ఫిలోమినమ్మ లేచింది. ఎర్రయ్య వైపు గానీ ఆమె వైపు గానీ చూడకుండా, "కాళ్ళు కడుక్కోమను. గంజి ఉంది" అంది. తరవాత నా దగ్గరికి వచ్చి, రెండు చేతులతో పట్టుకుని, నా మొహం గోడకు తిప్పేసింది.

వర్షాలు మొదలయ్యేదాకా నేను మట్టిగోడనే చూశాను. మిగిలినదంతా చెవులతోనే. ఆ ఇంట్లో మాటలు లేవు. "తిను" అనే మాట, "ఇటు పడుకో" అనే మాట. వీధిలోవాళ్ళు వచ్చి, దాన్ని ఇంట్లో ఎలా పెట్టుకున్నావని అడిగితే, "కడుపుతో ఉన్నదాన్ని గుమ్మం ముందు నిలబెట్టడం నాకు సేతకాదు" అని ఊరుకునేది. తాటాకు చాప అల్లే చప్పుడు మాత్రం రోజూ వినబడేది. మొదట ఒక జత చేతుల చప్పుడు. కొన్నాళ్ళకు రెండు జతలు.

నన్ను మళ్ళీ ఇటు తిప్పింది మాకిన్నే. ఇల్లు ఊడుస్తూ, వెనక్కి తిరిగి ఉన్న పటం ఏమిటోనని తిప్పి, బూజు తుడిచింది. సరిగ్గా అప్పుడే వీధిలో ఆడవాళ్ళు ముగ్గురు వచ్చారు. వాళ్ళ మగవాళ్ళ కబురు ఇంకా తెలియలేదు. అందులో ఒకామె ఉండబట్టలేక అడిగింది.

"నువ్వక్కడి మనిషివి గదా. సెప్పు. రంగం ఇలాగే ఉంటాదా?"

మాకిన్ను కిటికీలోకి చూసింది. అంతోని దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెకు కాస్త వచ్చు. పొయ్యి దగ్గర ఫిలోమినమ్మ ఊదుగొట్టం పక్కన పెట్టి ఇటు తిరిగింది. ఆ ముగ్గురి కళ్ళూ ఆ పిల్ల నోటి మీదే ఉన్నాయి.

"ఉంటాది" అంది మాకిన్ను. ఒక గోపురం మీద వేలు పెట్టి, "మా ఇల్లు ఇక్కడ దగ్గరే" అంది.

వాళ్ళు కళ్ళు తుడుచుకుని, ఆ గోపురాన్ని తలా ఒకసారి తడిమి వెళ్ళారు. వాళ్ళు వీధి మలుపు తిరిగాక ఫిలోమినమ్మ అడిగింది.

"నిజమేనా?"

"కాదప్పా."

ఫిలోమినమ్మ ఊదుగొట్టం మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "మంచి పని సేసినావు" అంది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాటలు అవే అనాలి. ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే పళ్ళెంలోంచి తిన్నారు. అంతోని గురించి ఎవరికి తెలిసింది వాళ్ళు చెప్పుకున్నారు. అతనికి చేప ముళ్ళు తీసిపెట్టాలని ఇద్దరికీ తెలుసు. అది విని ఇద్దరూ నవ్వి, తరవాత ఇద్దరూ ఏడ్చారు.

ఆడపిల్ల పుట్టింది. పురుడు పోసింది ఫిలోమినమ్మే. తల్లి ఆ పిల్లను లా అని పిలిచేది. వాళ్ళ భాషలో అందమైనది అని అర్థమట. ఫిలోమినమ్మ నోట్లో అది లాలి అయింది. బాలశౌరి గారు జ్ఞానస్నానం ఇచ్చి మరియ అని పేరు పెట్టారు గానీ, ఆ పేరు గుడి పుస్తకంలోనే ఉండిపోయింది. మాకిన్ను మాత్రం గుడిలోకి వచ్చేది కాదు. పూజ అయ్యేదాకా బయట మెట్లమీద కూచుని, తమ పద్ధతిలో కళ్ళు మూసుకుని ఉండేది. ఫాదర్ గారు మొదట్లో రెండుమూడుసార్లు చెప్పి చూసి, తరవాత మెట్లమీద నీడ పడే వైపు ఒక పీట వేయించారు.

లాలికి నడక వచ్చింది, మాటలు వచ్చాయి. పెద్దమ్మా అంటూ ఫిలోమినమ్మ కొంగు పట్టుకుని తిరిగేది. ఆ పిల్ల నుదురు అచ్చం అంతోని నుదురే. తల దువ్వినప్పుడల్లా ఫిలోమినమ్మ చెయ్యి అక్కడ ఒక్క క్షణం ఆగేది.

యుద్ధం ముగిసింది. ఓడలు మళ్ళీ నడిచాయి. ఎర్రయ్య అంత కష్టం మరిచిపోయి మళ్ళీ రంగం వెళ్ళాడు. మనుషుల ధైర్యమూ మతిమరుపూ ఒకదాన్ని విడిచి ఒకటి ఉండవని అప్పుడనిపించింది. తిరిగి వచ్చి అతను చెప్పిన కబురు ఆ ఇంటిని కుదిపేసింది. మాకిన్ను తల్లి బతికే ఉంది. పెగూ అనే ఊళ్ళో, చూపు పోయి, ఒక్కతే ఉంది. కూతురు పోయిందని ఎవరన్నా వినక ఎదురుచూస్తూనే ఉంది.

మాకిన్ను వెళ్తానని అనలేదు. అడగను కూడా లేదు. చాప అల్లుతూ అల్లుతూ చేతులు ఆపి, గుమ్మంలోంచి సముద్రం వైపు చూసేది. అంతే. వీధివాళ్ళు మాత్రం తీర్పు చెప్పేశారు. ఆవిడ వెళ్తే వెళ్ళనీ, పిల్ల అంతోని బిడ్డ, ఈ ఊరి బిడ్డ అన్నారు. ఒకరోజు బాలశౌరి గారే ఇంటికి వచ్చారు. మాకిన్ను నూతి దగ్గరికి వెళ్ళింది. లాలి మూల చాపమీద నిద్రపోతోంది.

"ఫిలోమినమ్మా, జ్ఞానస్నానం పొందిన పిల్ల. అక్కడికి పోతే ఎలా పెరుగుతుందో ఏమిటో. పిల్లను నీ దగ్గర ఉంచమని నేను చెబితే ఆమె కాదనదు. నీ అన్నం తిన్నానన్న గౌరవం ఆమెకుంది. చెప్పమంటావా?"

ఆయన నిజంగా ఆమె మేలు కోరే అడిగాడు. ఒక్క "ఆఁ" చాలు. ఫిలోమినమ్మ పిల్ల పక్కన కూచుని, ఆ నుదుటి మీద పడ్డ జుట్టు వెనక్కి తోసింది. నా వైపు చూసింది. నేను కాగితాన్ని. బిషప్ గారి ముఖంలో మెర్మే పెట్టిన చూపు తప్ప ఇంకో చూపు చూడటం నాకు రాదు.

"వద్దు బాబూ" అంది. "ఆ ముసల్ది కూతురి కోసం సూస్తంది. అలా సూడ్డం ఎలాగుంటాదో నాకు తెలుసును. తెలిసుండీ ఇంకో ఆడదాని సేత సూయించలేను. పిల్లని తీసేసి తల్లిని పంపితే, మళ్ళీ ఇంకోర్తి సూడ్డం మొదలెడతాది. ఎక్కడో ఓ కాడ ఇది ఆగాల గదా."

ఫాదర్ గారు లేచి నిలబడ్డారు. వెళ్తూ, నిద్రపోతున్న పిల్ల తలమీద సిలువ గుర్తు వేశారు.

బయలుదేరే రోజు ఫిలోమినమ్మ పిల్లకు రెండు జడలు అల్లింది. అంతోని తెచ్చిన లక్కపెట్టెలో ఎండుచేపలూ బెల్లం పప్పుండలూ సర్ది ఇచ్చింది. మాకిన్ను ముందు నాకు, తరవాత ఫిలోమినమ్మకు, నేలకు నుదురు ఆనించి మొక్కింది. ఫిలోమినమ్మ ఆమెను లేపి, "నడు, పొద్దెక్కిపోతంది" అంది. ముగ్గురూ రేవుకు వెళ్ళారు. నేను గోడ మీదే ఉన్నాను.

సాయంత్రం ఒక్కతే తిరిగి వచ్చింది. చాప పరుచుకుని నా ఎదుట కూచుంది. ఒక్క మాట అంది.

"సేర్చు."

ఆ ఊళ్ళో అంతమంది ఆడవాళ్ళు అన్నేళ్ళు నన్ను అడిగింది, అవతలి ఒడ్డు నుంచి ఇవతలికి తెమ్మనే. ఇవతలి నుంచి అవతలికి చేర్చమని అడిగింది ఆమె ఒక్కతే.

ఆమె పోయాక నేనిక్కడికి ఎలా వచ్చానన్నది పెద్ద కథ కాదు. బాలశౌరి గారే నన్ను పాత చీరలో చుట్టి, జాగ్రత్తగా తీసుకొచ్చి అప్పగించారు. నా విలువ ఏమిటో ఇక్కడి పెద్దలు లెక్కకట్టి ఈ బీరువాలో పెట్టారు. కానీ ఆమె ఉండగా జరిగిన ఒక్క సంగతి చెప్పాలి.

ఆ తల్లీబిడ్డల నుంచి ఏ కబురూ రాలేదు. ఎర్రయ్య మళ్ళీ అటు వెళ్ళలేదు. అక్కడ ఏవో గొడవలని చెప్పుకున్నారు, రాకపోకలు తగ్గిపోయాయి. ఫిలోమినమ్మకు జుట్టు నెరిసింది, చాప అల్లే వేళ్ళు వంకర్లు పోయాయి. బాలశౌరి గారికీ వయసు పైబడింది. ఒక సాయంత్రం ఆమెను చూడటానికి వచ్చి, వెళ్ళబోతూ, మనసులో ఎన్నాళ్ళనుంచో ఉన్నది అడిగారు.

"లాలి వాళ్ళ సంగతి ఏమైనా తెలిసిందా అమ్మా?"

"సేరినారు బాబూ."

"ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పక్కర్నేదు. సేరకపోతే ఇంటికే వచ్చీసేవోరు గదా."

ఆయన, ఆమెకు సముద్రపు గాలి తగులుతుందని తలుపు దగ్గరికి వెయ్యబోయారు.

"తీసుండనీ బాబూ" అంది ఫిలోమినమ్మ.